బొంబాయి రోడ్డు విస్తరణ : మనం అడగవలసినవి

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల, పెన్షను అనేది ఎవరో దయతలచి ఇచ్చేది కాదనీ, చేసిన సేవకు దక్కే హక్కనీ స్థిరపడింది. ఆ తీర్పు గురించి నాకు ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. కార్యదర్శి గారు నాకు అప్పగించిన విషయం వేరు. మనందరం రోజూ చూసే బొంబాయి రోడ్డు గురించి, అది వెడల్పు కావడం గురించి చెప్పమన్నారు. పెన్షనుకూ రోడ్డుకూ సంబంధం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. పెన్షను బ్యాంకులో పడుతుంది. బ్యాంకు రోడ్డుకు అవతల ఉంటుంది. సంబంధం అదే.

నేను రోడ్ల ఇంజనీరును కాను. ఇక్కడి కర్మాగారంలో ప్రొడక్షన్ ప్లానింగులో పనిచేసి రిటైరైనవాణ్ణి. షాపులో ఒక జాబు ఎక్కడ ఆగిపోతున్నదో వెతకడమే నా ఉద్యోగం. రోడ్డును కూడా ఆ కంటితోనే చూశాను. అవసరమైన చోట పుస్తకాలు తిరగేశాను.

ఈ రోడ్డు ఎలా నిండింది?

మనలో చాలామంది ఈ ప్రాంతానికి వచ్చిన నాటికి దీన్ని తొమ్మిదో నంబరు జాతీయ రహదారి అనేవారు. పుణె, షోలాపూర్ మీదుగా వచ్చి హైదరాబాదు, విజయవాడ దాటి మచిలీపట్నం చేరే దారి ఇది. 2010లో దేశంలోని రహదారులకు కొత్త నంబర్లు ఇచ్చినప్పుడు ఇది 65 అయింది. నంబరు మారినా మన నోట ఇంకా బొంబాయి రోడ్డే.

ఈ దారి వెంట 1960 దశకంలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. వచ్చింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చింది. తరువాత పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక వాడలు వచ్చాయి. 1980 దశకంలో ఎద్దుమైలారంలో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ వచ్చింది. 2008లో అదే ఆవరణలో ఐ.ఐ.టి. మొదలై, ఆ తరువాత కంది దగ్గర సొంత ఆవరణకు మారింది. 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా ఏర్పడింది. బీరంగూడ, అమీన్‌పూర్ వైపు మన వాళ్ళే గ్రాట్యుటీ డబ్బుతో ఇళ్ళు కట్టుకున్నారు. ఇంతమందికీ బయటికి వచ్చే ద్వారం ఒక్కటే.

అంటే ఒకే రోడ్డు మూడు ఉద్యోగాలు చేస్తున్నది. మహారాష్ట్ర, కర్ణాటకల నుంచి వచ్చే లారీలకు అది జాతీయ రహదారి. కర్మాగారాల వాళ్ళకు అది షిఫ్టు బస్సుల దారి. మనకు అది ఊరి బజారు: మందుల షాపు, కూరగాయల బండి, బడి, గుడి, బస్టాపు, అన్నీ దాని మీదే. కార్మికుడొకడి చేత ఒకేసారి మూడు యంత్రాలు నడిపిస్తే పని చెడిపోయినట్లే రోడ్డు సంగతీ అయింది. రద్దీకి మూల కారణం ఇదని నా అభిప్రాయం. వెడల్పు చాలకపోవడం దాని తరువాతి కారణం.

ఇప్పుడు తలపెట్టిన పని

2024 మార్చి 5న ప్రధానమంత్రి సంగారెడ్డి జిల్లాకు వచ్చినప్పుడు, సంగారెడ్డి చౌరస్తా నుంచి మదీనాగూడ దాకా 29 కిలోమీటర్ల మేర ఈ రహదారిని ఆరు వరుసలు చేసే పనికి శంకుస్థాపన చేశారు. దీని అంచనా సుమారు 1,300 కోట్ల రూపాయలు. పాశమైలారం వంటి పారిశ్రామిక వాడలకు రాకపోకలు సులువవుతాయన్నది ఉద్దేశం. ఈ లోపల 2025 మే నెలలో బి.హెచ్.ఇ.ఎల్. చౌరస్తా దగ్గర ఫ్లైఓవరును కేంద్రమంత్రి ప్రారంభించారు.

ఇది మంచి పనే, కావలసిన పనే. కర్మాగారంలో రెండో షిఫ్టు విడిచాక ఇల్లు చేరడానికి గంటన్నర పట్టే పిల్లలు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. పాశమైలారంలో 2025 జూన్ 30న ఔషధ పదార్థాల కర్మాగారంలో పేలుడు జరిగి నలభై మందికి పైగా చనిపోయారు. అటువంటి రోజున అంబులెన్సుకూ ఫైరింజనుకూ దారి దొరకడమంటే ఏమిటో ఈ ప్రాంతం వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి విస్తరణ వద్దని ఎవరమూ అనము. ఎలా జరగాలో మాత్రం చెప్పాలి. కట్టిన తరువాత చెబితే కాంక్రీటు వినదు.

చెరువూ తూమూ

చెరువు ఎంత పెద్దదైనా తూములోంచి పోయే నీళ్ళే పొలానికి అందుతాయి. రోడ్డుకు తూము చౌరస్తా. ఆరు వరుసల రోడ్డు మీద ఒక సిగ్నలు పెట్టి, సగం సేపు నేరుగా పోయే బండ్లకూ సగం సేపు అడ్డంగా వచ్చే బండ్లకూ దారి ఇచ్చారనుకోండి. అక్కడ ఆరు వరుసలూ మూడు వరుసల పనే చేస్తాయి. మధ్యలో ఎన్ని వరుసలు వేసినా, చౌరస్తా దగ్గర బండ్లు గుమిగూడడానికి చోటు పెరుగుతుంది తప్ప ప్రయాణ కాలం పెద్దగా తగ్గదు. అందుకే చౌరస్తాల దగ్గర నేరుగా పోయే బండ్లను వంతెన మీదుగానో, కింది నుంచో పంపడం అవసరం. బి.హెచ్.ఇ.ఎల్. దగ్గర చేసింది అదే.

రెండో తూము బస్టాపు. బస్సు ఆగడానికి పక్కన చోటు లేకపోతే అది రోడ్డు మీదే ఆగుతుంది. వెనక వరుసంతా దానితోపాటు ఆగుతుంది. 2023 డిసెంబరులో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైనప్పటి నుంచి ఎక్కేవారు పెరిగారు, బస్సు ఆగే సమయమూ పెరిగింది. ప్రతి స్టాపు దగ్గరా బస్‌బే ఉంటే ఒక వరుస మిగులుతుంది. ఆటోలకు విడిగా చోటు చూపిస్తే మరొకటి మిగులుతుంది. వేల కోట్లు అక్కరలేని పనులివి.

మూడోది షిఫ్టు. అన్ని కర్మాగారాల సైరన్లూ ఒకే గంటకు మోగితే, గేట్లన్నీ ఒక్కసారే తెరుచుకుంటాయి. పాశమైలారంలో ఒక వాడకూ మరో వాడకూ మధ్య ఇరవై నిమిషాలు తేడా పెట్టుకుంటే ఒక్క తట్ట సిమెంటు ఖర్చు కాదు. యాజమాన్యాల సంఘాలు, కార్మిక సంఘాలు, పరిశ్రమల శాఖ కలిసి కూర్చుంటే అయ్యే పని. షిఫ్టు సమయాలు మార్చిన అనుభవం ఈ సభలో చాలామందికి ఉంది. ఎక్కడ ఇబ్బంది వస్తుందో, ఎలా సర్దుకోవచ్చో మనమే చెప్పగలం.

యాభై మంది లెక్క

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళు రోడ్డు మీద ఒక్కొక్క బండి ఎంత చోటు తింటుందో లెక్క కట్టడానికి కారును ఒకటి అనుకుంటారు. వారి 1990 నాటి లెక్క ప్రకారం బస్సు మూడు, మోటారు సైకిలు అర. ఇప్పుడు యాభై మంది కార్మికులను తీసుకోండి. యాభై మందీ ఒక బస్సులో వస్తే రోడ్డు మీద మూడు కార్ల చోటు పడుతుంది. తలా ఒక మోటారు సైకిలు మీద వస్తే ఇరవై అయిదు కార్ల చోటు పడుతుంది. కంపెనీ బస్సులు మానేసి అలవెన్సు ఇచ్చి చేతులు దులుపుకుంటే రోడ్డు మీద జరిగేది ఇదే. రోడ్డు ఆరు వరుసలు చేసి, బస్సులు తగ్గిస్తే, కొన్నేళ్ళకు మళ్ళీ మొదటికే వస్తాము.

ఔటర్ రింగు రోడ్డు విషయంలో మనం చూశాం. 158 కిలోమీటర్ల రోడ్డు 2018 నాటికి పూర్తి అయింది. దూరపు బండ్లకు మేలు జరిగింది. దాని వెంట కొత్త కాలనీలు వచ్చాయి, కొత్త బండ్లు వచ్చాయి. ముత్తంగి దగ్గర ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ మళ్ళీ మన రోడ్డు మీదికే రావాలి. రోడ్డు ఖాళీగా కనిపిస్తే కొత్త బండ్లు వచ్చి చేరడం ప్రపంచమంతటా ఉన్నదే.

అందుకని రోడ్డుతో పాటు రైలు సంగతి కూడా అడగాలి. 2003 నుంచి లింగంపల్లి దాకా ఎం.ఎం.టి.ఎస్. నడుస్తున్నది. 2017 నవంబరులో మియాపూరు దాకా మెట్రో వచ్చింది. మియాపూరు నుంచి పటాన్‌చెరు దాకా 13.4 కిలోమీటర్ల మెట్రో మార్గం రెండో దశ ప్రతిపాదనల్లో ఉంది. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆ దశకు ఆమోదం ఇచ్చి కేంద్రానికి పంపింది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడే మెట్రో స్తంభాలకు, స్టేషను మెట్లకు చోటు విడిచిపెట్టారా అన్నది మొదటి ప్రశ్న. లేకపోతే ఈ రోజు వేసిన రోడ్డును రేపు తవ్వుతారు. ఆ దుమ్ము పీల్చేది మనమూ మన మనవలూనే.

దాటేదెలా?

ఇంతసేపూ రోడ్డు వెంట పోయేవారి గురించి చెప్పాను. ఇప్పుడు రోడ్డును దాటేవారి గురించి. మన వయసు వాళ్ళకు అసలు సమస్య ఇక్కడే ఉంది.

ఒక వరుస వెడల్పు మూడున్నర మీటర్లు. ఆరు వరుసలంటే 21 మీటర్లు. రెండు పక్కలా రెండేసి వరుసల సర్వీసు రోడ్డు ఉంటే మరో 14 మీటర్లు. డివైడర్లు లెక్కలోకి తీసుకోకుండానే 35 మీటర్లు. మామూలుగా సిగ్నళ్ళ దగ్గర మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని లెక్క వేస్తారు. ఆ లెక్కన 35 మీటర్లు దాటడానికి 29 సెకన్లు. మోకాళ్ళ నొప్పితో, చేతికర్రతో నడిచే మనిషి సెకనుకు 0.8 మీటరు నడిస్తే గొప్ప. అతనికి 44 సెకన్లు కావాలి. ఈ 15 సెకన్ల తేడాలో అతను ఎక్కడ ఉంటాడు? ఆరు వరుసల మధ్యలో ఉంటాడు.

పోయిన నవంబరులో జీవన ప్రమాణ పత్రం ఇవ్వడానికి మా వీధిలోని ఒక పెద్దాయన బయలుదేరారు. బ్యాంకు ఎదురుగానే కనిపిస్తున్నది. డివైడరు మూసి ఉన్నందువల్ల ఆటో ఎక్కి, దూరంగా ఉన్న యూటర్ను దాకా పోయి తిరిగి రావలసి వచ్చింది. రానూపోనూ నూట ఇరవై రూపాయలైంది. 2014 నుంచి ఆ పత్రాన్ని కంప్యూటరు ద్వారా ఇచ్చే సదుపాయం ఉంది, ఇప్పుడు ఫోనులో మొహం చూపించి కూడా ఇవ్వవచ్చు, నిజమే. కాని డాక్టరు దగ్గరికి, కూరగాయలకు, చెల్లెలి ఇంటికి మొహం ఫోనులో చూపిస్తే సరిపోదు కదా. రోడ్డు అవతల ఉన్నవన్నీ మనకు మెల్లగా దూరమవుతాయి. బయటికి పోవడం తగ్గుతుంది. ఇంటిపట్టున ఉన్న మనిషి త్వరగా మంచాన పడతాడని వైద్యులు చెబుతూనే ఉన్నారు.

దీనికి జవాబుగా అధికారులు పాదచారుల వంతెన చూపిస్తారు. లారీలు కింద పోవాలంటే వంతెన నేలకు ఆరు మీటర్లకు తగ్గకుండా ఉండాలి. మెట్టు 15 సెంటీమీటర్లు అనుకుంటే ఎక్కడానికి 40 మెట్లు, దిగడానికి 40 మెట్లు. లిఫ్టు పెడతారు, కరెంటు పోయిన రోజున, మరమ్మతు చేసే మనిషి లేని రోజున అది అలంకారం. కాబట్టి మనం కోరవలసిన పద్ధతి ఇది: జనం ఎక్కువగా దాటే చోట బండ్లు పైకి పోవాలి, మనుషులు నేల మీదే దాటాలి. ఎక్కడానికి ఇంజన్లున్నాయి, మోకాళ్ళెందుకు ఎక్కాలి? అది వీలుకాని చోట సిగ్నలు పెట్టి, ముసలివాళ్ళ నడక వేగంతో సమయం ఇవ్వాలి. మధ్యలో నిలబడడానికి ఎత్తయిన దిమ్మె కట్టాలి.

ఇదంతా ఊహ కాదు. ఇదే 65వ నంబరు రోడ్డు హైదరాబాదు దాటి విజయవాడ వైపు 2012లో నాలుగు వరుసలైంది. ప్రయాణం వేగమైంది. దారిలోని ఊళ్ళ దగ్గర మాత్రం రోడ్డు దాటేవాళ్ళు ప్రమాదాలకు గురయ్యారు. చిట్యాల వంటి చోట్ల అండర్‌పాసుల పనులు తరువాత చేపట్టవలసి వచ్చింది. ముందే కట్టి ఉంటే ఖర్చు తగ్గేది, ప్రాణాలు నిలిచేవి. దేశం మొత్తం మీద 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ నివేదిక. వారిలో 32,825 మంది నడిచి పోయేవాళ్ళు. చనిపోయిన ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరన్నమాట.

స్థలం పోయేవారికి రెండు మాటలు

రోడ్డు పక్కన ఇల్లు, షాపు ఉన్న సభ్యులు కొందరు నన్ను అడిగారు. జాతీయ రహదారుల చట్టం 1956 ప్రకారం భూమి తీసుకునే ముందు 3ఎ సెక్షను కింద ప్రకటన వస్తుంది. దాని సారాంశం రెండు పత్రికల్లో, అందులో ఒకటి తెలుగులో, రావాలి. గెజెటులో ప్రకటన వచ్చిన 21 రోజులలోగా అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వాలి. గడువు దాటితే వినరు. 2015 జనవరి 1 నుంచి నష్టపరిహారం 2013 నాటి భూసేకరణ చట్టం పద్ధతిలో లెక్కకట్టాలి. ఇచ్చిన మొత్తం తక్కువనిపిస్తే ఆర్బిట్రేటరుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. రిజిస్ట్రేషను కాగితాలు, పన్ను రశీదులు, కట్టడానికి ఇచ్చిన అనుమతి ఒక ఫైలులో పెట్టుకోండి. పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్ళు, ఇంటికి వచ్చే నోటీసును పొరుగువారికి చెప్పి ఉంచండి.

మన సంఘం చేయవలసినది

ఈ రోజు సభ ఆమోదానికి ఆరు కోరికలు ఉంచుతున్నాను.

ఒకటి. సంగారెడ్డి చౌరస్తా నుంచి మదీనాగూడ దాకా సర్వీసు రోడ్డు ఎక్కడా తెగకుండా ఉండాలి. పక్క వీధికి పోవడానికి స్కూటరు జాతీయ రహదారి ఎక్కే అవసరం రాకూడదు.

రెండు. బడి, ఆసుపత్రి, బ్యాంకు, బస్టాపు ఉన్న ప్రతి చోటా నేల మీద దాటే ఏర్పాటు ఉండాలి. సిగ్నలు సమయం ముసలివారి నడకను బట్టి ఉండాలి.

మూడు. ప్రతి స్టాపుకు బస్‌బే, నీడ, కూర్చోవడానికి బల్ల ఉండాలి.

నాలుగు. మంచినీళ్ళ పైపులు, కరెంటు, టెలిఫోను తీగలు, వాననీటి కాలువ ముందు వేసి, తరువాత రోడ్డు వేయాలి. ఈ ప్రాంతమంతా చెరువుల కింది పల్లం. నీరు పోయే దారి మూస్తే అది మన గడపలోకి వస్తుంది.

అయిదు. పని జరుగుతున్నంత కాలం గుంతల చుట్టూ కంచె, రాత్రి దీపం, నడిచేవారికి విడిగా బాట ఉండాలి. గుంత కనిపిస్తే జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కు ఫోను చేయండి.

ఆరు. షిఫ్టుల సమయాల గురించి కలెక్టరు గారు యాజమాన్యాలతో ఒక సమావేశం పెట్టాలి.

ఈ కోరికలతో సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇద్దాం. దానితోపాటు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుము కట్టి, రోడ్డు ప్లాను నకలు అడుగుదాం. ముప్పయి రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్లాను వచ్చాక మనలోని ఇంజనీర్లు, డ్రాఫ్ట్స్‌మన్లు కూర్చుని చదవాలి. బ్లూప్రింటు చదవడం మరిచిపోయినవాడు ఈ హాల్లో ఎవరూ లేరు. దాటే చోట్లు ఎక్కడెక్కడ కావాలో నలుగురైదుగురు కలిసి ఉదయం నడకలో నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఏ గంటలో ఎంతమంది దాటుతున్నారో లెక్కపెట్టాలి. అర్జీలో అంకెలుంటే దాన్ని పక్కన పెట్టడం ఏ ఆఫీసులోనైనా కష్టం. మనమంతా ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళమే, మనకు తెలుసు.

మన సమయానికి ఇప్పుడు గేటు కార్డు లేదు. ఆ తీరికను ఈ పనికి వాడుకుందాం. మనకు వీలైన రోడ్డు బడికి పోయే పిల్లకూ వీలవుతుంది, కడుపుతో ఉన్న కోడలికీ వీలవుతుంది.

తీర్మానాన్ని కార్యదర్శి గారు చదువుతారు. చేతులెత్తి ఆమోదించడంతో ఆపకుండా, నడకకు రాగలిగిన వారు బయట పెట్టిన పుస్తకంలో పేర్లు రాయవలసిందిగా మనవి.